మహేశ్వరం కంచలో ఎండ ఎంత?

మే నెల మధ్యాహ్నం శంషాబాద్ వైపు 41 డిగ్రీలని వాతావరణ శాఖ చెబితే, ఆ అంకె నేలకు నాలుగడుగుల ఎత్తున, తెల్ల రంగేసిన, గాలి ఆడే పెట్టెలో ఉన్న థర్మామీటరుది. అంటే నీడలో ఉన్న గాలి వేడి. మహేశ్వరం మండలం రావిర్యాల దగ్గర, ఇమారత్ కంచ (కంచ అంటే జీవాలు మేసే గడ్డి బయలు) పక్కన జీవాలు కాసే మనిషికి ఆ పెట్టె ఉండదు. ఆయన ఒంటికి తగిలే వేడిలో గాలిది ఒక పాలే.

మన చర్మం దాదాపు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే కాలితే, వీచిన కొద్దీ ఒంట్లోకి వేడినే తోస్తుంది. వడగాలి చేసే పని అదే. ఇక ఒంటికి మిగిలిన దారి చెమట. లీటరు చెమట పూర్తిగా ఆరితే 580 కిలోకాలరీల దాకా వేడి పోతుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, తాగడానికి నీళ్లున్నంతసేపు ఈ దారి బాగానే పనిచేస్తుంది. అసలు భారం సెగది. నడినెత్తి సూర్యుడు చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు కుమ్మరిస్తాడు. కాళ్ల కింద 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండు 50 డిగ్రీలు దాటి కాలి, తిరిగి మన మీదికే సెగ కొడుతుంది. దీన్ని కొలవడానికి నల్ల రంగు పూసిన బోలు రాగి గోళంలో థర్మామీటరు పెడతారు. ఎండలోంచి గుబురు నీడలోకి వస్తే గాలి వేడి రెండు మూడు డిగ్రీలే తగ్గవచ్చు. నలువైపుల నుంచి తగిలే సెగ మాత్రం 20 డిగ్రీలకు పైగా పడిపోవడం మామూలే.

మే 9 ప్రాంతంలో హైదరాబాద్ మీద సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ గోడకు నీడే ఉండదు. నెత్తి మీద కొమ్మ ఉండాలి. రేకుల షెడ్డు ఎండను ఆపుతుంది కాని, కాలిన రేకు కిందికి సెగ కురిపిస్తుంది. వేపాకు అలా కాలదు. తన నీటిని ఆవిరి చేసి చల్లబడుతుంది. పైగా సన్నని ఆకు కాబట్టి చిన్న గాలికే వేడిని వదిలేస్తుంది. చింతాకు కూడా అంతే.

చిక్కేమిటంటే, ఇక్కడిది ఆకు రాల్చే అడవి. ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు నాలుగైదు నెలల్లోనే. మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి ఏళ్ల తరబడి పరిశీలించింది. ఇక్కడి నీరు శిథిలమైన గ్రానైటు పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ ఉంటుంది. పైమన్ను ఎండేసరికి చాలా చెట్లు ఆకు రాల్చి ప్రాణం కాపాడుకుంటాయి. మోదుగు మోడయ్యాకే పూస్తుంది. సరిగ్గా మనకు నీడ కావలసినప్పుడు సగం అడవి బోసిపోయి ఉంటుంది. వేప, కానుగ, చింత, మర్రి మాత్రం మే నాటికి కొత్తాకుతో నిండుగా ఉంటాయి. ఐదు ఖండాల్లోని 98 చోట్ల కొలతలు కూర్చి 2019లో వెలువడిన అధ్యయనం, అడవి లోపల పగటి గరిష్ఠ వేడి బయటి కంటే సగటున 4.1 డిగ్రీలు తక్కువని చెప్పింది. రేగు, బలుసు, సీతాఫలం పొదలున్న ఇక్కడి పలుచని అడవి నుంచి ఏడాది పొడుగునా అంత ఆశించకూడదు.

రాత్రికి లెక్క తిరగబడుతుంది. కంచ మొత్తం ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది. పగటి వేడిని త్వరగా వదిలేస్తుంది. గడ్డి దాచుకునేదీ తక్కువే. చెట్టు కింద అయితే ఆకులు నేల సెగను కొంత కిందికే తిప్పి పంపుతాయి. డిసెంబరు తెల్లవారుజామున వెళ్లి చూడండి: కంచలో గడ్డిపోచ మీద మంచు నీరు కారుతుంటుంది, పక్కనే వేప కింద గడ్డి పొడిగా ఉంటుంది. 2019 అధ్యయనంలోనూ అడవి లోపలి కనిష్ఠ వేడి బయటి కంటే 1.1 డిగ్రీలు ఎక్కువే. గుండ్లు మాత్రం పొద్దు గూకాక కూడా చాలాసేపు వేడి విడుస్తూనే ఉంటాయి.

శ్రావణంలో మరో రకం. గాలిలో తేమ నిండి చెమట ఆరదు. పొదలు గాలిని అడ్డుకుంటాయి కాబట్టి అడవిలో ఉక్కపోస్తుంది. అప్పుడు పడమటి గాలి తగిలే కంచే హాయి. గొల్ల కురుమలు ఎండాకాలం మధ్యాహ్నం మందను చెట్ల కిందికి తోలి, రాత్రి బయలు చెలకలో నిలుపుతారు. చెలకకు ఎరువు దొరుకుతుంది. ఈ లెక్కకూ అది సరిపోతుంది.

అందుకే కంచను ఖాళీ భూమి అని రాయడం నాకు కష్టంగా ఉంటుంది. ఖాళీ అన్నాక దాని మీద ప్లాట్లన్నా వేస్తారు, లేదా చల్లదనం పేరుతో వరసగా గుంతలు తవ్వి మొక్కలన్నా నింపుతారు. ప్లాట్లయితే గడ్డి పోయి తారు, సిమెంటు వస్తాయి. అవి గుండ్లలాగే పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతాయి. కంచంతా చెట్లయితే రాత్రి చల్లదనం, వానాకాలపు గాలి తగ్గిపోతాయి. చెట్లు కావలసింది మనుషులు ఎండలో నిలబడే చోట: బస్టాపులో, బడి ముందు, అడ్డా మీద, ఇంటికి పడమటి పక్కన. మూడు గంటల ఎండ పడమటి నుంచి వాలుతుంది; ఆ వైపు నాటిన కానుగ నీడ ఇంటి పడమటి గోడ మీదా, గుమ్మం మీదా పడుతుంది.