గోడ ఎక్కడ, గీత ఎక్కడ

హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో దారి అడిగితే రామానాయుడు స్టూడియో అంటారు, ఫిల్మ్ చాంబర్ అంటారు, లేదంటే జూబ్లీహిల్స్ రోడ్డు నంబరు చెబుతారు. రెవెన్యూ రికార్డుకు ఆ పేర్లతో పనిలేదు. అక్కడ ఉండేది ఊరి పేరు, సర్వే నంబరు. జూబ్లీహిల్స్ సొసైటీ భూములు సైతం కాగితం మీద షేక్‌పేట గ్రామం 403/1, హకీంపేట గ్రామం 102/1. కొండవాలు బస్తీల వాళ్లు తమ ఇళ్ల మ్యాపు తామే గీసుకోవాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

సర్వే నంబరు ఇంటిది కాదు, భూఖండానిది. గీత పక్కన వేసే బై నంబరు ఆ ఖండంలో విడగొట్టిన ముక్కది. నగరంలో పట్టణ సర్వే జరిగాక వార్డు, బ్లాకు, టౌన్ సర్వే నంబరు వేరే వచ్చాయి. తలుపు మీది ఇంటి నంబరు మున్సిపాలిటీది. దాన్ని పన్ను కోసం ఇస్తారు, దాంతో స్థలం మీద హక్కు రాదు. ఒకే ఇంటికి మూడు నంబర్లు. మూడూ పక్కపక్కనే రాసి పెట్టుకోవాలి.

ఇక స్కేలు. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న ఇల్లు అనుకుందాం: సరిగ్గా 60 గజాలు. 1:5000 స్కేలు మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద ఐదు మీటర్లు. ఆ ఇంటి వెడల్పు ఐదున్నర మీటర్లే కాబట్టి కాగితం మీద మిల్లీమీటరు పైచిలుకు. అర మిల్లీమీటరు మందమున్న పెన్సిలు గీత దాదాపు సగం ఇంటిని మింగేస్తుంది. బస్తీ ఏ సర్వే నంబరులో ఉందో అలాంటి మ్యాపులో చూసుకోవచ్చు గానీ, గోడ తగాదా తేల్చకూడదు. ఇళ్లకు 1:500 కావాలి. అందులో అదే ఇల్లు సెంటీమీటరు దాటుతుంది, లోపల పేరు రాయడానికి చోటుంటుంది.

ఫోన్లోని జీపీఎస్ సంగతీ అంతే. ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది; ఇరుకు గల్లీలో, మేడల మధ్య ఇంకా తప్పుతుంది. ఐదు మీటర్ల తేడా వస్తే చుక్క పక్కింట్లో పడ్డట్టే. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాత ఆరంకెలు కనిపించాయని కొలత అంత నిక్కచ్చిగా ఉందని నమ్మకండి. బస్తీ మూలలకు, బోరుకు, గుడికి ఫోను చాలు, ఇంటికి టేపే.

ఈ కొండల మీద టేపుతోనూ ఒక చిక్కుంది. భూమి విస్తీర్ణాన్ని వాలు వెంట కాకుండా మట్టంగా లెక్కిస్తారు. 30 అడుగుల వాలు తొమ్మిదడుగులు పైకెక్కితే మట్టం కొలత 28 అడుగుల ఏడంగుళాలే. దిగువన ఉన్న కొనను ఎత్తి, టేపును మట్టంగా పట్టుకుని, దారానికి రాయి కట్టి కిందికి దించి, అది తాకిన చోట గుర్తు పెట్టాలి. మెట్ల గల్లీలో ముక్కలుగా కొలిచి కలుపుకోవాలి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామంది. అది దాటితే జీవో 59 కింద డబ్బు కట్టాలన్నారు. 125కి అటూ ఇటూగా ఉన్న ఇంటికి ఆ అడుగున్నర చిన్న విషయం కాదు.

మ్యాపులో ఎత్తును చూపే గీత కూడా ఉంటుంది: ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత కాంటూర్. దుర్గం చెరువు ఎఫ్‌టీఎల్ అలాంటిదే: చెరువు నిండినప్పుడు నీరు నిలిచే ఎత్తు నేలను ఎక్కడ తాకుతుందో ఆ గీత. 2024లో ఆ గీత లోపల ఉన్నాయంటూ చుట్టుపక్కల కాలనీల ఇళ్లకు నోటీసులు అంటించినప్పుడు ఖరీదైన ఇళ్లవాళ్లకూ ఆ గీతతో పనిపడింది.

హద్దుల దగ్గర ‘తూర్పు: ఫలానా వారి ఇల్లు’ అని రాసి ఊరుకుంటే, వాళ్లు అమ్ముకుని వెళ్లాక ఆధారం పోతుంది. కరెంటు స్తంభం, పెద్ద బండ లాంటి కదలని గుర్తులు రెండు ఎంచుకుని ఇంటి మూలకు కొలవండి. మూడో గుర్తు నుంచి కొలిచేది సరిచూసుకోవడానికి.

ఒడిశా 2017లో మురికివాడల వాసుల భూహక్కులకు చట్టం తెచ్చి, డ్రోన్లతో మ్యాపులు తీయించింది. అయినా ఏ ఇల్లు ఎవరిదో తేల్చడానికి గడపగడపకూ వెళ్లి బస్తీవాళ్లనే అడగాల్సి వచ్చింది. బస్తీ గీసుకున్న మ్యాపు పట్టా కాదు. కానీ సర్వేయర్ వచ్చిన రోజు అది చేతిలో ఉంటే మాట్లాడే తీరే వేరు. దాని మీద ఉత్తరం గుర్తు, స్కేలు, కొలిచిన తేదీ, ఏది టేపు కొలతో ఏది ఫోను కొలతో, ఇరుపక్కల వారి సంతకాలు ఉండాలి. ఒక నకలు షేక్‌పేట తహసీల్దార్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.