వయసు వాటా ఎంత?

ఇంగ్లండులో పుట్టి కెనడాలో స్థిరపడిన మైనింగ్ ఇంజనీరు ఎడ్ విట్‌లాక్ 1979లో, 48వ ఏట, మారథాన్‌ను 2 గంటల 31 నిమిషాల 23 సెకన్లలో ముగించారు. 2004లో, 73వ ఏట, అదే 42.195 కిలోమీటర్లకు ఆయనకు 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లు పట్టింది. 2016లో, 85 ఏళ్లకు, 3 గంటల 56 నిమిషాల 34 సెకన్లు. మొదటి పాతికేళ్లలో ఆయన పోగొట్టుకున్నది 23 నిమిషాలే. ఆ తర్వాతి పన్నెండేళ్లలో గంట పైచిలుకు పోయింది. దూరం పరుగెత్తేవాళ్లకూ, సైకిల్ తొక్కేవాళ్లకూ వృద్ధాప్యం ఎక్కువగా ఈ తీరులోనే వస్తుంది. చాలాకాలం తెలియనంత నెమ్మదిగా వాలుతూ వచ్చి, డెబ్బై దాటాక ఒక్కసారిగా ఏటవాలవుతుంది.

ఈ తగ్గుదలకు మొదటి కారణం గుండె. వయసు పెరిగేకొద్దీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం పడిపోతుంది. దాన్ని అంచనా కట్టడానికి ఒక లెక్క వాడుకలో ఉంది: వయసును 0.7తో గుణించి, వచ్చిన అంకెను 208లోంచి తీసేయాలి. ఆ ప్రకారం నలభై ఏళ్లకు నిమిషానికి 180, డెబ్బై ఏళ్లకు 159. ఇది సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. గుండె పంపే రక్తం తగ్గితే కండరాలు వాడుకునే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. కదలిక లేని జీవితంలో ఈ ఆక్సిజన్ సామర్థ్యం పదేళ్లకు సుమారు పది శాతం చొప్పున పోతుంది. గట్టి సాధన వదలనివారిలో ఆ నష్టం తక్కువ. కొన్ని అధ్యయనాల్లో అది సగమే.

ఇందులో వయసు వాటా ఎంత, సాధన మానేసినందుకు పడే వాటా ఎంత అన్నది అసలు ప్రశ్న. అమెరికాలోని డాలస్‌లో 1966లో ఇరవయ్యేళ్ల యువకులు ఐదుగురిని మూడు వారాలపాటు మంచం దిగకుండా ఉంచి పరీక్షించారు. ముప్ఫై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పిలిచి కొలిచారు. ఈలోగా వాళ్లకు యాభై ఏళ్లు వచ్చాయి, ఒళ్లూ వచ్చింది. అయినా ఆ ముప్ఫై ఏళ్లలో తగ్గిన సామర్థ్యం కంటే నాటి మూడు వారాల మంచంలో తగ్గిందే ఎక్కువ! ఆరు నెలలు నడక, జాగింగ్, సైకిల్ సాధన చేయించేసరికి వాళ్ల సామర్థ్యం పడకకు ముందున్న ఇరవయ్యేళ్లనాటి స్థాయికి తిరిగి వచ్చింది. ఐదుగురితో తేలేదేముంది అనే సందేహం న్యాయమైనదే. కానీ జ్వరం తగ్గాకో, శస్త్రచికిత్స అయ్యాకో నాలుగు వారాలు పడుకుని లేచిన ఏ పరుగుల మనిషికీ ఈ ఫలితం వింతగా తోచదు.

ఫ్రెంచి సైక్లిస్టు రాబర్ట్ మార్షాన్ కథ దీనికంటే విచిత్రం. 1911లో పుట్టిన ఆయన అరవైల చివర్లో మళ్లీ సైకిల్ పట్టారు. 2012లో, నూరేళ్లు దాటాక, ట్రాక్ మీద గంటలో 24.251 కిలోమీటర్లు తొక్కారు. రెండేళ్ల తర్వాత 2014లో ఆ దూరం తగ్గకపోగా 26.927కు పెరిగింది. ఆయన సాధనను పరిశీలించిన ఫ్రాన్స్ శాస్త్రవేత్త వెరోనిక్ బిల్లా బృందం, 101 నుంచి 103 ఏళ్ల మధ్య ఆయన ఆక్సిజన్ సామర్థ్యం కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగిందని తేల్చింది. ఏడాదికి 5,000 కిలోమీటర్లలో ఎనభై శాతం తేలిగ్గా, మిగిలిన ఇరవై శాతం కష్టమనిపించే వేగంతో తొక్కడమే ఆ సాధన. మార్షాన్ 109 ఏళ్లు బతికిన అరుదైన మనిషి కాబట్టి ఆ అంకెలు అందరికీ వర్తించవు. తేలిక రోజులు ఎక్కువ, కష్టం రోజులు తక్కువ అన్న పద్ధతి మాత్రం వయసు మీద పడ్డవారికి బాగా నప్పుతుంది. పెద్దవాళ్లు చేసే పొరపాటు సాధారణంగా తిరగబడి ఉంటుంది: రోజూ ఒకే మధ్యరకం వేగం, తీరని అలసట.

కండరాల విషయంలో పరుగు ఒక్కటే సరిపోదు. వయసుతో ముందు సన్నబడేవి మెరుపు కదలికకు పనికొచ్చే పోగులు. నెమ్మది పరుగు వాటిని పెద్దగా వాడదు. కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి కావలసినవి కూడా అవే. అందుకే 65 దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు కండబలం వ్యాయామాలు, మూడు రోజులు నిలకడ తప్పకుండా ఉండేందుకు వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సైకిల్ మాత్రమే తొక్కేవారికి ఎముకల సంగతీ ఉంది: శరీరం బరువును సీటు మోస్తుంది కనుక ఎముకకు అందాల్సిన ఒత్తిడి అందదు. తిన్న మాంసకృత్తులను కండగా మలుచుకునే శక్తి కూడా వయసుతో మందగిస్తుంది. కంచం నిండా అన్నం, పక్కన పలుచని చారు అనే భోజనం దూరం పరుగెత్తే పెద్దవారికి చాలదు. ముద్దపప్పు, గుడ్డు, పెరుగు, చేపల వాటా పెరగాలి.

ఆరుబయట ఆటకు ఎండ మరో పరీక్ష. పెద్దవారిలో దాహం ఆలస్యంగా తెలుస్తుంది, చెమట పట్టడం తగ్గుతుంది. రామగుండం ఎండలోనూ విశాఖ ఉక్కపోతలోనూ ఎన్ని నీళ్లు తాగాలన్న విషయంలో యువకులకు సరిపోయే అంచనాలు వీరికి సరిపోవు. అలాగని నీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం తెస్తుంది.

గుండె గురించి ఒక ఇబ్బందికరమైన నిజం ఉంది. స్వీడన్‌లో ఏటా జరిగే 90 కిలోమీటర్ల మంచు స్కీయింగ్ పోటీ వాసలోపెట్‌లో పాల్గొన్న యాభై వేలకు పైగా మంది రికార్డులు పరిశీలిస్తే, ఎక్కువసార్లు పాల్గొన్నవారిలో, ఎక్కువ వేగంగా ముగించినవారిలో గుండె లయ తప్పడం ఎక్కువగా కనిపించింది. వ్యాయామం మానడానికి ఇది కారణం కాదు. మితమైన వ్యాయామం గుండెకు చేసే మేలు తిరుగులేనిది. అయితే గుండె దడ, అకారణంగా వేగం పడిపోవడం, ఛాతీలో బిగుతు వంటివాటిని ‘ఇవాళ ఒంట్లో బాలేదు’ అని తోసేయకూడదు. నొప్పిని ఓర్చుకోవడంలో ఆరితేరినవారే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు.

మన రోడ్ల మీద అసలు ముప్పు ఒంట్లో కంటే బయటే ఉందనవచ్చు. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పుట్టిన ఫౌజా సింగ్ ఎనభైలలో పరుగు మొదలుపెట్టి, 2011లో టొరంటో మారథాన్‌ను 8 గంటల 11 నిమిషాల్లో ముగించారు. జనన ధ్రువపత్రం లేనందున, నూరేళ్లకు మారథాన్ ముగించిన ఆ రికార్డును గిన్నిస్ అంగీకరించలేదు. 2025 జులైలో జలంధర్ దగ్గర సొంత ఊళ్లో రోడ్డు మీద కారు ఢీకొని ఆయన చనిపోయారు. విట్‌లాక్ మాత్రం మిల్టన్‌లో తన ఇంటి దగ్గరున్న శ్మశానవాటికలోనే రోజుకు మూడేసి గంటలు చుట్లు కొట్టేవారు. అక్కడ వాహనాల గోల లేదు, ఒంట్లో తేడా చేస్తే ఇల్లు రెండడుగులు.

అదే చోట అన్ని చుట్లు కొట్టే మనిషికి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది? కొందరికి కొత్త దారులు, దూరపు సైకిల్ యాత్రలు కావాలి. విట్‌లాక్‌కు సాధన విసుగే; ఆయనను లేపి పరుగెత్తించినవి రికార్డులు. వెటరన్ అథ్లెటిక్స్‌లో 35 నుంచి ఐదేళ్లకో తరగతి ఉంటుంది. 69 ఏళ్లవాడు తన తరగతిలో ముసలివాడు. 70 నిండగానే కొత్త తరగతిలో అందరికంటే కుర్రవాడు. పుట్టినరోజు కోసం ఎదురుచూసే ముసలివాళ్లు ఈ ఆటలోనే కనిపిస్తారు. 2016 అక్టోబరులో టొరంటోలో ఏళ్లనాటి బూట్లు తొడుక్కుని పరుగెత్తిన విట్‌లాక్, 85 ఏళ్లవారి తరగతి రికార్డును అరగంటకు పైగా తగ్గించారు. మరుసటి మార్చిలో, 86 నిండిన వారానికి, ప్రొస్టేట్ క్యాన్సర్‌తో మరణించారు.