నివేదిక కూడా సాక్ష్యమే

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుండి ఇంజనీరింగు విద్యార్థులకు నివేదిక రాయడం తేలికయింది. భాష దిద్దించుకోవడంలో తప్పులేదు. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చిన మన పిల్లలకు అది ఆసరాయే. కాని కొలతల సంగతి వేరు.

ఎం20 కాంక్రీటు క్యూబును 28 రోజులు క్యూరింగ్ చేసి, యంత్రంలో నలిపితేనే దాని బలం తెలుస్తుంది. చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు రావాలని కృత్రిమ మేధకు తెలుసు. మన క్యూబు పగలడం మాత్రం అది చూడలేదు. అయినా, అడిగితే నమ్మేలాంటి అంకె రాసిస్తుంది. దాని కింద మనం సంతకం చేస్తే అబద్ధపు సాక్ష్యం కాదా? రేపు వంతెన కాగితాల మీదా ఇదే అలవాటయితే ప్రాణాలకు పూచీ ఎవరు?

వాక్యాలు దిద్దించుకుందాం. అంకెలు మాత్రం కళ్ళారా చూసినవే రాద్దాం.