కాలిన ప్లాస్టిక్ వాసన: ఎప్పుడు భయపడాలి? ఎందుకు?

రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటాం. నడిరేయి ఏదో మాడుతున్న వాసనకు మెలకువ వస్తుంది. లేచి చూస్తే ఛార్జర్ చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటుంది, ఓ మూల కరిగి ఉంటుంది. స్విచ్ ఆపి, కిటికీలు తెరిచి మళ్లీ పడుకుంటాం. పొద్దున్నే గొంతులో గరగర. అక్కణ్నుంచి ఒకటే బెంగ: ఆ వాసన పీల్చాం కదా, ఊపిరితిత్తులు పాడవుతాయా? రేపెప్పుడో క్యాన్సర్ వస్తుందా?

ఇంత బెంగపడే ఇంట్లోనే పెరటి చెత్తను పోగేసి, పాలకవర్లూ పాత చెప్పులతో సహా నిప్పు పెడుతుంటారు. మంట ఆరకుండా పక్కనే నిలబడి కర్రతో ఎగదోస్తుంటారు. ఆ పొగ గురించి ఎవరికీ పట్టదు. నిజానికి జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఆరోగ్యవంతుడికి ఒక్కసారి, కాసేపు తగిలిన కాలిన వాసన సాధారణంగా ఏ హానీ మిగల్చకుండానే పోతుంది. గాలి మారితే గంటల్లో గొంతు సర్దుకుంటుంది. ప్రాణం తీసేది మూసిన గదిలో నిండిన పొగ. ఆరోగ్యాన్ని కొద్దికొద్దిగా తినేసేది నిత్యం పీల్చే పొగ. ఈ మూడింటికీ తేడా తెలిస్తే అక్కర్లేని భయం పోతుంది, అవసరమైన భయం మిగులుతుంది.

పొగలో ఏముంటుంది?

ప్లాస్టిక్ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, ఏ వస్తువు దేనితో చేశారన్న దాన్ని బట్టి దాని పొగలోని విషం మారుతుంది.

కరెంటు తీగల మీది తొడుగు, నీటి పైపులు, రెక్సిన్ వంటివి ఎక్కువగా పీవీసీతో చేస్తారు. పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరినే. బాగా వేడెక్కితే మంట రాకముందే దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అది కంటి తడికీ, ముక్కు, గొంతులోని తేమకూ తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. వైరు మాడితే కళ్లు మండటం, గొంతు పట్టేయడం, పొడిదగ్గు రావడం అందుకే.

సోఫాల్లో, పరుపుల్లో వాడే పాలీయురేథేన్ ఫోమ్, నైలాన్, టీవీలూ కంప్యూటర్ల పెట్టెలకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌లలో నైట్రోజన్ ఉంటుంది. ఇవి మండితే హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. బ్రెజిల్‌లోని శాంతా మరియా నగరంలో 2013 జనవరి 27న ఒక నైట్‌క్లబ్బు తగలబడి 242 మంది చనిపోయారు. గోడలకూ పైకప్పుకూ శబ్దం రాకుండా అతికించిన ఫోమ్ అంటుకుంది. చాలామందిని బలిగొన్నది దాని పొగే.

థర్మకోల్ అంటే పాలీస్టైరీన్. కాలుస్తుంటే దట్టమైన నల్లటి పొగ, గాల్లో తేలే మసి ముక్కలు కనిపిస్తాయి. ఆ పొగలో స్టైరీన్, బెంజీన్ ఉంటాయి. బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన పదార్థం. ఇక ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని సర్క్యూట్ బోర్డులకు మంట త్వరగా అంటుకోకుండా బ్రోమిన్ ఉన్న రసాయనాలు కలుపుతారు. మామూలు వేడికి అవి రక్షణే. పూర్తిగా మండిపోతే మాత్రం వాటి నుంచీ ఘాటైన ఆమ్ల వాయువులు, విష సమ్మేళనాలు వస్తాయి.

వీటన్నిటికీ ఉమ్మడిగా రెండున్నాయి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్. రెండోది కంటికి ఆనని సన్నటి నుసి. 2.5 మైక్రాన్లకంటే చిన్నవైన ఈ కణాలు ముక్కు వెంట్రుకలకు చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోతాయి.

బోర్డు దగ్గర నీచు వాసన

ఇంట్లో ఎవరూ చేపలు వండలేదు. అయినా గీజరు వేసినప్పుడల్లా స్విచ్‌బోర్డు దగ్గర నీచు వాసన వస్తోంది. ఎలుక చచ్చిందేమోనని బీరువా వెనకా, అటక మీదా వెతుకుతారు. వెతకాల్సింది బోర్డులోనే. స్విచ్చులకూ సాకెట్లకూ వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ రెజిన్లు అతిగా వేడెక్కితే చేపల వాసన లాంటి వాసనే వస్తుంది. దగ్గరగా చూడండి: ప్లగ్గు దూరే రంధ్రాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ప్లగ్గు పీకితే పిన్ను నల్లబడి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పితే లోపలి వైరు తొడుగు బిరుసెక్కి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది.

దీనికి కారణం చాలాసార్లు లూజ్ కనెక్షనే. స్క్రూ వదులైన చోట కరెంటుకు అడ్డు పెరిగి వేడి పుడుతుంది. లేదా గీజరు, ఏసీ వంటి 16 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టాల్సినవి చిన్న సాకెట్‌కో, ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలించి ఉంటారు. ఇలాంటి వాసనకు అగరుబత్తి వెలిగించి ఊరుకుంటే మంటల దాకా ఎదురుచూడటమే.

అలాగని ముక్కునే పూర్తిగా నమ్ముకోకూడదు. కాసేపు ఒకే వాసనలో ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. లోపలున్న వాళ్లు ‘ఇప్పుడు తగ్గింది’ అంటుంటే, బయటినుంచి వచ్చినవాళ్లు ఉక్కిరిబిక్కిరి అవుతారు. పైగా అన్నిటికంటే ప్రమాదమైన కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు.

మూసిన గదిలో నిమిషాల లెక్క

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను ఒళ్లంతా చేరవేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అదే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ఒకరే తువ్వాళ్లు వేసి ఆపేస్తే మిగతావాళ్లు కూర్చోలేనట్టు, ఆక్సిజన్‌కు చోటుండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం, ఆపైన మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు ఇవేవీ తెలియవు. సయనైడ్ కూడా తోడైతే, అందిన కాస్త ఆక్సిజన్‌నూ శరీర కణాలు వాడుకోలేవు.

ఇక్కడో ముఖ్యమైన విషయం. కొవిడ్ కాలం నుంచి చాలా ఇళ్లలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కగడుతుంది. 98 చూపించిందని ధీమా పడితే మోసపోతాం. పొగ పీల్చినవారి పరిస్థితి ఆస్పత్రిలో రక్త పరీక్షతోనే తేలుతుంది.

మంట కంటే పొగే ఎక్కువగా చంపుతుందని మన ఊళ్లలో జరిగిన ప్రమాదాలూ చెబుతున్నాయి. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరు 12 రాత్రి ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేస్తే, పొగ మెట్ల మీదుగా పై అంతస్తుల లాడ్జి గదుల్లోకి ఎగబాకింది. 8 మంది చనిపోయారు. హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18 తెల్లవారుజామున ఒక పాత ఇంట్లో మంటలు రేగాయి. లోపలికీ బయటికీ ఇరుకైన దారి. పిల్లలతో సహా 17 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది పొగకు ఊపిరాడకే చనిపోయారు.

లిథియం బ్యాటరీలది మరో సమస్య. దెబ్బతిన్నా, అతిగా ఛార్జయినా, తయారీలో లోపమున్నా లోపలి వేడి దానంతటదే పెరుగుతూ పోతుంది. మంట కంటే ముందే తెల్లటి ఆవిరి చిమ్ముతుంది. అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉండొచ్చు. ఊపిరితిత్తుల లోపలి పొరను కాల్చేసేంత తీవ్రమైన వాయువది. ఫోన్ బ్యాటరీలో ఉండే శక్తి 15-20 వాట్ అవర్లు, స్కూటర్ బ్యాటరీలో 2 వేల నుంచి 4 వేల వాట్ అవర్లు. అంటే వంద ఫోన్లకు పైగా ఒకేసారి కాలినట్టు. స్కూటర్ బ్యాటరీని పడకగదిలోనో, వీధి గుమ్మం పక్కనో, మెట్ల కిందో ఛార్జింగ్‌కి పెట్టొద్దని చెప్పేది అందుకే. మంట లేస్తే తప్పించుకునే దారే మూసుకుపోతుంది.

రోజూ పీల్చేవాళ్ల సంగతి

పాత సామాన్ల దుకాణాల వెనక, ఊరి చివర, రాగి కోసం వైర్ల కట్టలు కాల్చడం చాలాచోట్ల కనిపిస్తుంది. తొడుగు కాలిపోతే రాగి తీగ చేతికొస్తుంది, కిలోల లెక్కన అమ్ముడవుతుంది. ప్లాస్టిక్ పొగల్లో దీనంత చెడ్డది అరుదు. పీవీసీలో క్లోరిన్ ఉంది. అది అరకొర మంటలో కాలేటప్పుడు డయాక్సిన్లు అనే విషాలు తయారవుతాయి. పక్కనున్న రాగి ఆ రసాయన చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. పాత వైర్ల తొడుగుల్లో సీసం కూడా ఉండటంతో, మిగిలిన బూడిద సైతం విషమే. ఆ బూడిదలో ఆడుకునే పిల్లల చేతుల మీదుగా సీసం నోట్లోకి పోతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది.

డయాక్సిన్లలో అన్నిటికంటే విషపూరితమైనదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఒంట్లో చేరిన డయాక్సిన్ సగానికి తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. మనిషికి ఇది అందేది 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే. పొగతో పాటు లేచి గడ్డి మీద వాలుతుంది. గడ్డి గేదె మేస్తుంది. డయాక్సిన్ కొవ్వులో నిలవుండి పాలలోకి, మాంసంలోకి, గుడ్లలోకి చేరుతుంది. పక్క చేలో తగలబెట్టిన ప్లాస్టిక్ మన కంచంలోకి వచ్చే దారి ఇది.

కట్టెల పొయ్యి త్వరగా అంటుకోవాలని పాలకవరు ముక్కో, సైకిల్ ట్యూబు ముక్కో వేసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఆ పొగ తగిలేది వండే తల్లికీ, ఆమె చంకలోని బిడ్డకూ. భోగి మంటల్లోనూ కట్టెలు, పిడకలతో పాటు పాత టైర్లు చేరాయి. చలికి పొగ పైకి లేవక ఆ తెల్లవారుజామున వీధిలోనే పరుచుకుంటుంది.

సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు రోజంతా టంకం మీదకు వంగి కూర్చుంటారు. టంకం అతకడానికి వాడే ఫ్లక్స్‌లో ఎక్కువగా ఉండేది చెట్టు బంక నుంచి తీసే రోసిన్. దాని పొగ పనిచోట వచ్చే ఉబ్బసానికి పేరుపడ్డ కారణం. పనిలో ఉన్నన్నాళ్లూ ఆయాసం, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజు తగ్గిపోతుంటే అనుమానించాల్సింది ఆ పొగనే. చిన్న ఫ్యాను పెట్టి పొగను ముఖం దగ్గర్నుంచి పక్కకు, బయటికి లాగేసే ఏర్పాటు చేసుకుంటే చాలావరకు కాపాడుకోవచ్చు. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కుంటే టంకంలోని సీసం కడుపులోకి పోదు.

పొగ పీలిస్తే ఏం చేయాలి?

ముందు ఆ చోటు వదిలి గాలి ఆడే చోటికి రావాలి. చిన్న వాసనైతే మెయిన్ స్విచ్ ఆపి, కిటికీలు, తలుపులు తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా గదిలో పడుకోకూడదు. కాలిన వస్తువును మళ్లీ ప్లగ్గులో పెట్టి చూడొద్దు. కరెంటు ఉండగా నీళ్లు చల్లొద్దు. పొగ దట్టంగా ఉంటే సామాన్ల కోసం వెనక్కి వెళ్లకూడదు. నేలకు వంగి నడవాలి, దాటిన తలుపులు మూసుకుంటూ రావాలి, లిఫ్టు ఎక్కకూడదు. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

కళ్లు మండితే మంచినీళ్లతో బాగా కడగాలి. మసి పట్టిన బట్టలు మార్చి స్నానం చేయాలి. తడిగుడ్డ కాస్త మసిని ఆపుతుంది, ఎన్95 మాస్కు నుసిని ఆపుతుంది. విషవాయువులను ఈ రెండూ ఆపలేవు. పాలు తాగితే విషం విరుగుతుందనీ, బెల్లం తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయనీ నమ్మి కూర్చోవద్దు. తిన్నది పొట్టలోకి పోతుంది, పొగ వెళ్లింది ఊపిరితిత్తుల్లోకి.

ఆయాసం, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, ఛాతీనొప్పి, ఆగని తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, మగత, ముక్కులో గానీ ఉమ్ములో గానీ మసి: వీటిలో ఏదున్నా 108 పిలిచి ఆస్పత్రికి వెళ్లాలి. ఎంతసేపు, ఏం కాలిన పొగ పీల్చారో డాక్టరుకు చెప్పాలి. రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు గాలిలో సగానికి తగ్గాలంటే 4-5 గంటలు పడుతుంది. ఆస్పత్రిలో మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలోనే అంత తగ్గుతుంది. కొన్ని వాయువుల వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండాలి. గర్భిణులు, పసిపిల్లలు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు లక్షణాలు తక్కువగా ఉన్నా వెంటనే చూపించుకోవాలి.

కాల్చకపోవడమే మందు

బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్దమొత్తంలో కాలిస్తే 25 వేల రూపాయలు జరిమానా అంది. పాత ఎలక్ట్రానిక్ వస్తువులను పద్ధతిగా సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టిన ఈ-వ్యర్థాల నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. చట్టం కాగితం మీద బాగానే ఉంది. అది అమలయ్యేది మాత్రం మన చేతి అగ్గిపెట్టె దగ్గరే.

ఉబ్బిన బ్యాటరీని, మాడిన ఛార్జర్‌ను చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. పాత సామాన్లు కొనే అబ్బాయి వైర్లు కాలుస్తుంటే కసురుకోకుండా, తొడుగు ఒలిచే పరికరాలు ఉన్నాయని చెప్పండి. అతడి ఊపిరితిత్తులు మన ఇంటి చెత్తకు మూల్యం చెల్లించకూడదు. ఈసారి భోగికి పిడకలు, కట్టెలే చాలని వీధిలో నలుగురికీ నచ్చజెప్పండి. ఇంట్లో నీచు వాసన వస్తున్న స్విచ్‌బోర్డు ఉంటే రేపటిదాకా ఆగకుండా ఈ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.