తల్లిదండ్రుల పేర నొక కిటికీ

కుదురని రోగముతో నున్నవారి బాధను తగ్గించి, తుదివఱకు తోడుగా నుండు గృహమునకు హాస్పిసని పేరు. 1948 లో లండను నగరమున డేవిడ్ టాస్మా అను రోగి, అట్టి గృహమును గూర్చి తనతో ముచ్చటించుచుండిన సిసిలీ సాండర్సుగారికి 500 పౌనులు వ్రాసి యిచ్చి, మీ యింట నేనొక కిటికీ నగుదునని చెప్పి కన్నుమూసెను. ఆమె వైద్యవిద్య నేర్చి, పెక్కండ్ర విరాళములు కూడఁబెట్టి, 1967 లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిసును తెఱచెను. ఒక్క కిటికీ చుట్టును గోడలు లేచుటకు 19 ఏండ్లు పట్టెను.

గతించిన తల్లికో తండ్రికో గుర్తుగా చందా లెత్తఁదలఁచిన బాలబాలికలారా! మందులో, దుప్పట్లో, దాదుల జీతమో, అక్కఱ యేదో మొదట హాస్పిసువారినే యడుగుఁడు. ప్రతి రూపాయికిని లెక్క వ్రాసి, యిచ్చినవారికి చూపుఁడు. మొత్తము స్వల్పమని వెనుదీయకుఁడు. మన యమ్మకు మనము చేయలేకపోయిన సేవ మఱియొకరి యమ్మకు చేరును.