ప్రెషర్ వాషర్ కొంటున్నారా? పంపు జాగ్రత్త
బక్రీద్‌కు వాకిలి కడగాలన్నా, బండి బురద వదలాలన్నా ప్రెషర్ వాషర్ ఉంటే పని తేలిక. ఇంటి వాడకానికి 100 బార్ చుట్టుపక్కల ప్రెషర్ చాలు. డబ్బా మీద పెద్ద అంకె చూసి కొనొద్దు. బకెట్ నుంచి నీళ్లు లాగుతుందా, ఊళ్లో రిపేర్ చేసేవాళ్లు ఉన్నారా అని అడగండి.

నీళ్లు లేకుండా నడిపితే పంపు సీళ్లు పాడవుతాయి. ముందు కుళాయి తిప్పి, గన్ నొక్కి, పైపులో గాలంతా పోయాకే స్విచ్ వేయాలి. నీళ్లు లోపలికెళ్లే చోట ఉన్న జాలీని తరచూ కడగాలి. పనయ్యాక స్విచ్, కుళాయి కట్టేసి, మిగిలిన ప్రెషర్‌ను గన్ నొక్కి వదిలేయాలి.

ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉండాలి. తడి చేత్తో ప్లగ్ ముట్టుకోవద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చగలదు, పిల్లలకు గన్ ఇవ్వొద్దు. నీళ్లు తక్కువే పడతాయి కదా అని గంటలకొద్దీ కడిగితే అదీ ఇస్రాఫే.