సైకిలు యాత్రకు ఏ టైరు మంచిది?

ఈ సంక్రాంతి సెలవుల్లో మనం మళ్లీ కోనసీమ వెళ్దామనుకుంటున్నాం కదా. రావులపాలెం దాకా సైకిళ్లు వ్యానులో, అక్కణ్ణించి కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేదికి తొక్కుకుంటూ వెళ్లాలి. పోయినసారి మన యాత్ర అంబాజీపేట దగ్గరే ఆగిపోయింది. కారణం నా టైరు. మా గదిలో ఉండే పదో తరగతి అన్న అప్పటిదాకా సముద్రం చూడలేదు. నా మూలాన ఆ రోజు కూడా చూడలేకపోయాడు. హాస్టల్లో అన్నకి ఇదే చివరి ఏడాది. అందుకే తర్వాత నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నాది 26 × 1.95 లావు టైరు. ఎండలో పడి ఉండి పక్కన నెర్రెలిచ్చింది. నేను చూసుకోలేదు. దారిలో చీలిపోయి ట్యూబు పేలింది. కొట్టుకెళ్లి 26 టైరు అడిగి తెచ్చాం. అది వదులైపోయి రిమ్ము మీద నిలవలేదు. ‘‘బాబూ, ఇరవయ్యారుల్లో రకాలున్నాయి. నీది వేరు’’ అన్నాడు అక్కడున్న పెద్దాయన.

అసలు సంగతి ఇది. 26 అనేది టైరు బయటి కొలత, అదీ సుమారుగా చెప్పేది. టైరు పక్కన చిన్నగా 37-590, 50-559 లాంటి అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు. రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లే. 26 × 1⅜ టైరుకి 590, నా 26 × 1.95 కి 559. తేడా 31 మిల్లీమీటర్లు! ఇక ఎలా పడుతుంది? పాత నల్ల సైకిళ్ల 28 × 1½ టైరుకి 635. రెండో అంకె కలవకపోతే ఆ టైరు కొనకూడదు.

మరి కోనసీమకు ఏది మంచిది? అక్కడ మన ఘాట్ రోడ్డులాగా ఎక్కుడూ దిగుడూ లేవు. గోదావరి మేట వేసిన నేల, బల్లపరుపుగా ఉంటుంది. ఎక్కువ తారు రోడ్డు, కొంత కాలువ గట్టు, సముద్రం దగ్గర ఇసుక. పెద్ద గుబ్బల టైరు తారు మీద బరువుగా నడుస్తుంది. తడి గట్టు మీద బంకమట్టి పట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది. మరీ సన్నది ఇసుకలో దిగబడుతుంది. కాబట్టి మీ రిమ్ముకి సరిపడేవాటిలో ఒకటిన్నర అంగుళం దరిదాపు వెడల్పుండి, నడుమ నునుపుగా ఉన్నది చాలు. ఇసుక వస్తే దిగి నడిపించుకుందాం.

గాలి టైరుకి 1888లో పేటెంటు పొందిన డన్‌లప్ గారు బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల బండి కోసం దాన్ని చేశారట. మన బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తక్కువైతే గుంటలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఎక్కువలో ఎక్కువ ఎంత గాలి పట్టాలో టైరు మీదే రాసి ఉంటుంది. అది దాటకూడదు.

ఇంకోమాట. వెనక చక్రం మీద బరువెక్కువ, టైరు కూడా త్వరగా అరుగుతుంది. అలాగని కొత్తది వెనక వేయకండి. మంచి టైరు ముందుకి, పాతది వెనక్కి. ముందుది పేలితే హ్యాండిల్ చేతిలో ఉండదు, పడిపోతాం.

వార్డెన్ గారికి మనవి: బయల్దేరే ముందు ఒక రోజు అన్ని సైకిళ్లూ వరసగా పెట్టి చూద్దామండి. దారం కనిపించినా, పక్కన నెర్రెలున్నా ఆ టైరు మార్చాలి. పంపు, సొల్యూషన్, అతుకులు, ప్రతి కొలతకీ ఒక ట్యూబు వెంట ఉండాలి. పాత టైరు ముక్క కూడా ఒకటి. టైరు చీలితే లోపల పెట్టి ఊరు చేరొచ్చు.

పంచరయ్యేది ఒక్కడి టైరే, ఆగిపోయేది అందరం. ఈసారి అన్న సముద్రం చూడాలి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి